రూతమ్మ గారి గాజు పొయ్యి

2006లో నేను దక్షిణ ఢిల్లీలో వంటింటి సామగ్రి అమ్మే ఒక డీలరు దగ్గర కస్టమర్ ట్రైనర్‌గా ఉండేదాన్ని. పేరు పెద్దది గానీ పని చిన్నదే. మెకానిక్ పొయ్యి బిగించి వెళ్ళాక ఆ ఇంటికి వెళ్ళి, దాన్ని ఎలా వాడాలో, ఎలా తుడవాలో ఇంట్లోవాళ్ళకు చూపించి రావాలి. గుర్‌గావ్, నోయిడా, ఫరీదాబాద్ అన్నీ బస్సుల్లోనే తిరిగేదాన్ని. సంచిలో గాజు మీది మడ్డి గీకే స్క్రేపరు, నాలుగు మెత్తటి గుడ్డలు, క్లీనింగ్ క్రీము, వెనిగరు సీసా ఉండేవి.

సిరామిక్ హాబ్ అంటే అప్పటికి చాలామందికి కొత్త. పైన నల్లటి గాజు పలక, దాని కింద కరెంటు కాయిల్. నాబ్ తిప్పితే గాజు గుండ్రంగా ఎర్రబడుతుంది. మంట ఉండదు, చప్పుడు ఉండదు. ఆపేయగానే ఎరుపు పోతుంది కానీ గాజు మాత్రం చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఆ సంగతి తెలియడానికి ఒక మూల చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది. దాన్ని రెసిడ్యువల్ హీట్ ఇండికేటర్ అంటారు. ఆ లైటు ఆరేదాకా ముట్టుకోకండి అన్నది ప్రతి ఇంట్లో నేను చెప్పే మొదటి మాట.

ఆ ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక ఫరీదాబాద్ నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. గాజు మీద తెల్ల మరకలు పోవడం లేదని, తెలుగు తెలిసిన మనిషిని పంపితే మంచిదని. ఆఫీసులో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే.

తలుపు తీసినాయన పేరు దావీదు. ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫోర్‌మన్. సొంతూరు నరసాపురం దగ్గర. లోపలికి రానిచ్చి, కుర్చీ చూపించి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు.

"మరకలు ఒక సాకేనమ్మా. మా ఆవిడకి చూపు పోతోంది. రెటీనా జబ్బంట. పక్కలన్నీ చీకటైపోయి, మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు కొంచెం కనపడుద్ది. అదీ ఎన్నాళ్ళో ఉండదన్నారు డాక్టర్లు. ఓ రోజు గ్యాసు మంటకి చీర కొంగు అంటుకుంది. దేవుడి దయవల్ల నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ వారమే సిలిండరు తీయించేసి, మంట లేని పొయ్యి అని ఇది కొన్నాను. ఇప్పుడు దీని మీదే చెయ్యి కాల్చుకుంది."

ఆయన అడిగింది ఇది: పొయ్యికి వేరే స్విచ్ పెట్టించి, దాన్ని ఆమెకు తెలియని చోట బిగించాలి. ఆయనో, కూతురో ఇంట్లో ఉన్నప్పుడే పొయ్యి వెలగాలి. "నేను చెప్తే వినదు. కంపెనీ మనిషిగా మీరు చెప్పండి, మీలాంటివాళ్ళు ఇది వాడకూడదని."

అంతలో వంటగదిలోంచి మాట వినపడింది. "నన్ను పక్కన పెట్టి ఆయనతో మాట్లాడకండమ్మా. వంట చేసేది నేను."

రూతమ్మ గారికి యాభై లోపే ఉంటుంది. ఇస్త్రీ చేసిన చలవ చీర, నున్నగా దువ్విన జడ, ఎడమ అరచేతికి కట్టు. ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేశారు. పక్కచూపు తగ్గి ట్రేకి తగులుతున్నానని గ్రహించిన రోజున, ఎవరూ పొమ్మనకముందే తనే మానేశారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు మారలేదు. కుడిచేత్తో గట్టు అంచు మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

"థియేటర్ పోయింది. బైబిలు చదవడం పోయింది, షారోన్ చదివి వినిపిస్తోంది. ఇక మిగిలింది ఈ గదే. దీనికీ తాళం వేస్తానంటున్నారీయన."

షారోన్ వాళ్ళమ్మాయి, కాలేజీలో చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడేది హిందీ. "మమ్మీ, రహనే దో నా. పాపా ఠీక్ కెహ్ రహే హైఁ," అంది మెల్లగా. వదిలేయమ్మా, నాన్న చెప్పేదే నిజమని.

మరకలు చూస్తానని గాజు దగ్గరకు వెళ్ళాను. అవి బోరు నీళ్ళ ఉప్పు మరకలు. గుడ్డకు వెనిగరు అద్ది కాసేపు ఉంచితే పోతాయి. ముందు భాగం చల్లగా ఉంది కాబట్టి అక్కడ తుడవడం మొదలుపెట్టాను. వెనక పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పొంగు వచ్చి గాజు మీదికి జారితే షారోన్ గిన్నె దించి పక్కన పెట్టింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫరీదాబాద్‌లో ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. ఫ్యాను ఆగింది, గాజులో ఎరుపు ఆరింది, దాంతోపాటు మూలనున్న ఎర్ర లైటూ ఆరిపోయింది. నేను సంచిలోంచి ఇంకో గుడ్డ తీస్తున్నాను. దావీదు గారు చేతికందిన రుమాలుతో, పొర్లిన పప్పు ఎండిపోకముందే తుడుద్దామని గాజు మీద చెయ్యి వేశారు.

ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ నాకు గుర్తుంది. రుమాలు పల్చటిది. నాలుగు వేళ్ళూ కాలాయి.

షారోన్ ఫ్రిజ్ దగ్గరకు పరుగెత్తింది. "ఐస్ లావూ?"

"ఐస్ వద్దు." రూతమ్మ గారి గొంతు పూర్తిగా మారిపోయింది. "ఏవండీ, ఏ చెయ్యి? ఇటివ్వండి." ఆ ఇరుకు గదిలో దేనికీ తగలకుండా వచ్చి, ఆయన మణికట్టు పట్టుకుని, మరో చేత్తో కుళాయి తిప్పారు. నీళ్ళు ధారగా ఆ వేళ్ళ మీద పడేలా పెట్టారు. "ఉంగరం ఉందిగా, ముందు అది తీయాలి. వాస్తే రాదు." సబ్బు రాసి, ఆయన కేకలు పెడుతున్నా ఆగకుండా, మెల్లగా తిప్పుతూ లాగేశారు. "కదపకండి. నేను చెప్పేదాకా నీళ్ళ కిందే ఉంచండి. షారోన్, ఉతికిన తెల్ల గుడ్డ పట్రా, అలమరాలో పైఅర. పసుపూ వద్దు, పేస్టూ వద్దు."

ఆయన నీళ్ళ కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆవిడ మణికట్టు వదలలేదు.

కాసేపటికి ఆయనే అన్నారు. "లైటు ఆరిపోయింది రూతూ. చల్లారిందనుకున్నాను."

"నాకు రోజూ అంతేనండి," అన్నారావిడ. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టే అన్నారు.

దావీదు గారు తల తిప్పి కిటికీ వైపు చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను. అవి కాలిన వేళ్ళకోసం వచ్చినవి కావని నాకనిపించింది.

కట్టు కట్టడం అయ్యాక నేను వాళ్ళ ముగ్గురి ముందూ నిజం చెప్పాను. ఈ పొయ్యి చూపు ఉన్నవాళ్ళ కోసం చేసింది. దీని హెచ్చరిక అంతా ఆ లైటులోనే ఉంది, కరెంటు పోతే అదీ ఉండదు. గ్యాసుకి చప్పుడుంటుంది, వాసన ఉంటుంది. మార్చుకుంటే మార్చుకోండి అన్నాను. మా డీలరు వింటే సంతోషించే మాట కాదు.

దావీదు గారు భార్య వైపు తిరిగి అడిగారు. "నువ్వేమంటావు?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న వేసి చాలా రోజులైందని రూతమ్మ గారి ముఖం చూస్తే తెలిసింది. "గ్యాసంటే ఈయనకి నిద్ర పట్టదు. దీంతోనే నేర్చుకుంటాను. థియేటర్‌లో కత్తి ఎక్కడుందో వెతుక్కోం కదమ్మా. వస్తువుకి చోటుంటే కళ్ళతో పని తక్కువ. మీరు వచ్చి నేర్పుతారా?"

తర్వాతి ఆదివారం, వాళ్ళు చర్చి నుంచి వచ్చే వేళకి వెళ్ళాను. అది నా సెలవురోజు. నేను నేర్పానంటే అబద్ధమవుతుంది, ఇద్దరం కలిసి కనిపెట్టాం. నాబ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు వేలికి తగిలేలా షారోన్ దాని మీద నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టి ఆరబెట్టింది. గిన్నె దించిన వెంటనే అదే చోట నీళ్ళు పోసిన వెడల్పాటి స్టీలు గిన్నె పెట్టాలని రూతమ్మ గారే అన్నారు. అక్కడ గిన్నె ఉన్నంతసేపూ చెయ్యి గాజు మీద పడదు. గిన్నె పూర్తిగా చల్లబడితే గాజూ చల్లబడినట్టే. కరెంటు ఉన్నా లేకపోయినా ఆ గిన్నె అబద్ధం చెప్పదు.

తుడవడం ఆమెకు నాకన్నా త్వరగా వచ్చింది. చల్లారిన గాజు మీద వేళ్ళు నడిపి, మాడిన చోటు గోటితో పట్టుకునేవారు. స్క్రేపరు బ్లేడుని గాజుకి దాదాపు ఆనించి పడుకోబెట్టినట్టు పట్టుకోవాలి. నిలబెడితే గీతలు పడతాయి. మడ్డి ఉన్నంతసేపూ బ్లేడు గరగరమంటుంది, పోగానే చప్పుడు ఆగిపోతుంది. ఆ తేడా నేను అంతవరకూ ఎప్పుడూ వినలేదు. ఆమె విని నాకు చెప్పారు. తర్వాత క్రీము చుక్క, తడిగుడ్డ, పొడిగుడ్డ. ఇనప పీచు దగ్గరికి రానివ్వకూడదు.

"పాకం పొంగితేనో?" అని అడిగారు. క్రిస్మస్‌కి అరిసెలు వండడం వాళ్ళింటి ఆచారం.

మా శిక్షణలో చక్కెరకీ బెల్లానికీ మాత్రం నియమం తలకిందులు. వేడి మీదే గీకెయ్యాలి. చల్లారి గట్టిపడిందంటే గాజు పెచ్చును లేపుకుని వస్తుంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమీ చెయ్యకండి. నాబ్ ఆపేసి వెనక్కి జరగండి."

"గాజు పాడవదూ?"

"పాడవుతుంది. పాడవనివ్వండి."

ఆమె నవ్వారు. "మా హెడ్ సిస్టర్ అనేది, సూది జారితే పట్టుకోబోవద్దు, పడనివ్వు అని."

ఆ తర్వాత ఒకటి రెండుసార్లు ఫోనులో మాట్లాడుకున్నాం. మరుసటి ఏడాదికి ఆ మిగిలిన చూపు కూడా పోయిందని షారోన్ చెప్పింది. ఆ డిసెంబరులో దావీదు గారు ఫోన్ చేసి, గాజుకు దెబ్బ తగిలిందని, వాడొచ్చో లేదో చూసి చెప్పమన్నారు.

వెళ్ళేసరికి ఇల్లంతా బెల్లం వాసన. ముందు పొయ్యి మీద చిక్కుడు గింజంత గుంట ఉంది. వేలితో తడిమి, లైటు పట్టి చూశాను. పైన పెచ్చు ఊడిందే కానీ పగులు లేదు. నిజంగా పగిలితే మెయిన్ స్విచ్ ఆపేసి పొయ్యి మానేయాలి, గాజు మార్చాలి. ఇది అంతదాకా రాలేదు. కొన్నాళ్ళపాటు ఆ ముందు పొయ్యి ఒక్కటీ వాడకుండా కనిపెట్టి చూడమన్నాను.

"పాకం పొంగిన వాసన వచ్చింది. నాబ్ ఆపి వెనక్కి వచ్చేశాను. షారోన్ తుడవబోతే వద్దన్నాను," అన్నారు రూతమ్మ గారు. రెండు అరచేతులూ నా ముందు చాపి చూపించారు. పాత మచ్చ ఒక్కటే ఉంది, కొత్తది లేదు. దావీదు గారు ఆ పక్కనే నిలబడి, "ఆ రోజు నేను ఇంట్లో లేనమ్మా," అన్నారు. ఆయన ఆ మాటను భయంగా కాక, కొంచెం గర్వంగా చెప్పారు.

ఎన్ని ఇళ్ళలో గాజు మెరుస్తూ ఉందన్నదే మా ఆఫీసులో నా పనికి కొలత. నేను కూడా అన్నేళ్ళూ గాజును కాపాడడమే నా ఉద్యోగమనుకున్నాను. ఆ ఇంటి తర్వాత ఎక్కడికి వెళ్ళినా స్క్రేపరు తీయడానికి ముందు, ఈ పొయ్యి దగ్గర నిలబడేది ఎవరు అని అడుగుతాను. వాళ్ళని పిలిపించి, వాళ్ళ చేతులు చూశాకే మొదలుపెడతాను.