బెండు విమానం తోక

నిన్న మా మనవరాలు కాలేజీ పనికని బాల్సా కర్రతో చిన్న విమానం తయారుచేస్తూ, తోక అతికించేటప్పుడు నన్ను పట్టుకోమంది. ఆ కర్ర చేతిలో ఉన్నా లేనట్టే ఉంది. "అడ్డరెక్క వంకర పోయింది, సరిజెయ్" అన్నాను. "నీకెట్ల తెలుసు అమ్మమ్మా?" అని నవ్వింది. ఎట్లా తెలుసో చెప్పాలంటే దేవరుప్పుల దగ్గరి మా అవ్వ ఇంటి అటక ఎక్కాలి. ఈ మోకాళ్లతో అయ్యే పనేనా?

అవ్వ అంటే మా అమ్మ తల్లి. జీలుగు బెండు కోసి పెళ్లిళ్లకు బాసికాలు కట్టడం ఆ ఇంటి పని. అవి తెలంగాణ సాయుధ పోరాటం రోజులు. సంఘంలో తిరిగిన మా మేనమామ, ఇరవై రెండేళ్లవాడు, మిలటరీకి దొరక్కుండా ఆ అటక మీదే నెలన్నర దాక్కున్నాడు. నిలబడితే తలకు వాసాలు తగిలేవి. దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. తొమ్మిదేళ్లదాన్ని, నీళ్లు అందించే వంకతో నేనూ ఎక్కేదాన్ని. అడవుల మీద చక్కర్లు కొట్టే విమానాన్ని పెంకుల సందులోంచి చూసి, ఆయన బాసికాల బెండుతో అలాంటిదే చేయడం మొదలుపెట్టాడు. మొండెం, రెక్కలు ఒక్కరోజులో అయ్యాయి. తోకకు పది రోజులు పట్టింది. బెండును ఉల్లిపొరంత పల్చగా కోయాలి. అడ్డరెక్క రెండు పక్కలా ఒకే తూకం ఉండాలి, నిలువురెక్క నిటారుగా నిలవాలి, చింతగింజల జిగురు కాస్త ఎక్కువైతే తోక బరువెక్కుతుంది. వేలిమీద నిలబెట్టి చూసేవాడు, పీకేసేవాడు, మళ్లీ నాతో కోయించేవాడు. "ఇసిరి చూస్తెనే తెలుస్తది పిల్లా. ఈడ ఇసిరే జాగేది?" అనేవాడు. ఆ మాట అన్న రోజు అన్నం ముట్టేవాడు కాదు.

నేను ఆగలేకపోయాను. ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే విమానం దాచుకుని దిగి, పెరట్లో నిలబడి విసిరాను. అది తిన్నగా పోయి, గోడ దాటి, ఊళ్లోకి సోదాకొచ్చిన పోలీసు అమీను ముందు పడింది.

దాన్ని పట్టుకునే ఆయన ఇంట్లోకొచ్చాడు, వెనక ఇద్దరు జవాన్లు. తోక విరిగి వేలాడుతోంది. "గిది బాసికమా ముసలమ్మా? ఎవడు జేసిండు?" అని గద్దించాడు. అవ్వ చూపు అటకవైపు పోతుందేమోనని నేనే అన్నాను, "నేనే జేసిన."

"నువ్వా? అయితే తోక జెయ్యి, చూస్త."

సరిగ్గా అటక కిందే కూర్చున్నాను. పైన అలికిడి లేదు. మామ ప్రాణం నా చేతిలో ఉందని నాకు తెలుసు. మొదటి పొర చిరిగింది. ఒక జవాను నవ్వాడు. రెండోది నిలిచింది. జిగురు రాసి, అతికించి, ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను. అమీను దాన్ని వాకిట్లో విసిరాడు. చక్కగా పోయింది. "మా పోరలకైతది" అని పట్టుకెళ్లిపోయాడు.

వాళ్లు సందు మలుపు తిరిగాక అటక మీది నుంచి మామ తల కనిపించింది. "నేను పెట్టిన తోకతోని ఎగిరిందానే?" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోతే ఈయనకు విమానం గోల! ఒళ్లు మండిపోయింది. "జర చెప్పరాదె బిడ్డా" అని రెండుసార్లు బతిమాలాడు. మూతి ముడుచుకుని కూర్చున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను.

తెల్లారి లేచేసరికి అటక ఖాళీ. ఇక ఆ ఇల్లు భద్రం కాదని అవ్వే ఆయన్ని మహదేవపూర్ అడవులవైపు పంపించేసింది. మళ్లీ రాలేదు. ఏమయ్యాడో చెప్పినవాళ్లూ లేరు. తొమ్మిదేళ్లప్పుడు, రేపు ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం.