పార్సిల్‌లో పంపిన ఒడిబియ్యం

తోబుట్టువుకు పుట్టింటి ఒడిబియ్యం పార్సిల్ బండిలో పంపిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే! ఒత్తిడి తగ్గించుకోబోయి ఒక్క పూటలో పరువు పోగొట్టుకున్న వైనం చెబుతాను.

మా ఆఫీసుకు ఒకాయన వచ్చి, "అన్నీ నెత్తినేసుకోకండి. మీరే చేయాల్సినవి, వేరేవాళ్లు చేసినా నడిచేవి విడదీయండి. మనసు తేలికవుతుంది" అని చెప్పి వెళ్లాడు. అందరూ టీ తాగి మర్చిపోయారు. నేను మాత్రం ఇంటికొచ్చి ఫోన్‌లో నా పనులన్నిటికీ రంగులు వేశాను. నేనే చేయాల్సినవి ఎరుపు, ఎవరు చేసినా ఫరవాలేనివి పచ్చ.

ఆ ఆదివారం మడికొండలో అక్క గృహప్రవేశం. అమ్మానాన్నలు లేరు కాబట్టి పుట్టింటి తరఫున చీర, బియ్యం తీసుకెళ్లి అక్క ఒడిలో పోయాల్సింది నేనొక్కడినే. కానీ అదే పొద్దున నాకు ఎర్ర రంగులో ధ్యానం ఉంది! బియ్యం చేరడమే కదా ముఖ్యం అనుకుని ఆ పనికి పచ్చ రంగు వేసి, కాజీపేటలోని మా ఇంటి నుంచి మూట కట్టి పార్సిల్ బండికెక్కించాను. భోజనాల వేళకు వెళ్దామని ఫోన్ మూగబెట్టి కళ్లు మూసుకున్నాను. నిజం చెప్పొద్దూ, మనసు చాలా తేలికైంది.

కళ్లు తెరిచేసరికి ఫోన్ నిండా అక్క పిలుపులే. ఇంతలో బండాయన ఫోన్ చేశాడు.

"సార్, మీ అక్క నన్ను పోనిస్తలేదు. పీట మీద కూసొని బియ్యం పొయ్యమంటాంది. పొయ్యాల్నా?"

"నువ్వెందుకు పోస్తవన్నా! జర ఆగుమను, నేనొస్తాన్న!"

వెనక నుంచి అక్క గొంతు వినబడింది. "అయ్యగారు ముహూర్తం టైమ్ అయిపోతాందంటాండు. మా పుట్టింటి బియ్యం మోసుకొచ్చినోనివి నువ్వే. పొయ్యన్నా!"

ఆటోలో పావుగంట దారి. ఈ పావుగంట మిగుల్చుకోవడానికా ఇంత తెలివి ఉపయోగించాను అని సిగ్గుతో కుంచించుకుపోయాను.

నేను దిగేసరికి అక్క ఒడి నిండిపోయింది. నాకు పెట్టాల్సిన కొత్త తువ్వాల భుజాన వేసుకుని, బండాయన బావ పక్కన కూర్చుని పూర్ణాలు తింటున్నాడు. పక్కింటావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ పిలగాడెవరమ్మా?"

"పార్సిల్ పంపినాయన" అంది అక్క.

"తప్పయిందక్కా" అన్నాను.

"కూసో. అన్నానికన్నా టైమ్ పెట్టుకున్నవారా, అది గూడ ఎవలకన్న చెప్పినవా?" అంటూ విస్తరి వేసింది. నవ్వుతూనే అంది కానీ ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

అందుకే చేతిలోని పూర్ణం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట అక్క పిలిస్తే, బియ్యం కంటే ముందు నేను చేరతాను.