బురుజు పక్కన మా మిద్దె

మార్కాపురంలో కాలేజీ రోడ్డు మీద నాకో చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. ఒక్క జిరాక్స్‌తోనే నాలుగు వేళ్లు నోట్లోకి పోవు కాబట్టి అర్జీలు కూడా నింపుతాను. పింఛను, రేషన్ కార్డు, కరెంటు మీటరు, ఏదైనా సరే. ఏ గడిలో ఏం రాస్తే ఆఫీసువాళ్లు వెనక్కి కొట్టరో ఈమెకు బాగా తెలుసని జనం నమ్మకం. ఆ నమ్మకం నాకింకా ఎక్కువ. ఇంతమంది అర్జీలు గట్టెక్కించినదాన్ని, మా నాయన ఇల్లు మాత్రం నా చేతులతోనే పోగొట్టాను.

మా ఊరు వెలిగండ్ల వైపు. ఒకప్పటి కోటలో మిగిలిన బురుజొకటి ఊరి చివర ఉంది. దానికి యాభై అడుగుల దూరంలో మా మిద్దె. మట్టి గోడలు, పైన కొయ్య దూలాలు, దూలాల మీద అడ్డకర్రలు, వాటి మీద కంప, ఆపైన మట్టి. బురుజు దగ్గర ఒక నీలం బోర్డు పాతారు. ఇది రక్షిత కట్టడం, వంద మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టకూడదు, ఉన్న ఇల్లు బాగుచేసుకోవాలన్నా అనుమతి ఉండాలి అని దాని సారాంశం. చిన్నప్పుడు ఆ బోర్డు నీడన మేకల్ని కట్టేసేవాళ్లం. అది మా గురించే రాశారని ఎవరికీ తోచలేదు.

మట్టి మిద్దెకు ఏటా వానలకు ముందు పైన చౌడు మట్టి పరవాలి. చౌడు వానకు తడిసి గట్టిపడితే నీళ్లు కిందికి దిగవు. మా తాత కాలం నుంచీ ఆ చౌడు బురుజు వెనక నుంచే తెచ్చేవాళ్లు. ఒక ఏడు అక్కడ కంచె వేశారు. గంప మట్టి కూడా తీయకూడదని కాపలా మనిషి చెప్పాడు. ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉండాలట, దాన్ని అలా ఉంచే మట్టిని మాత్రం ముట్టుకోకూడదట. నాకు ఒళ్లు మండింది. నాయన చేల వైపు నుంచి మట్టి తెచ్చి పరిచాడు. అది నీళ్లను ఆపలేదు. రెండు వానాకాలాలకు కప్పు కారి దూలాలు పుచ్చడం మొదలైంది.

అమ్మ పోయాక నాయన ఆ ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. కూలికి పోతాడు, రెండు మేకలున్నాయి, ఆదివారం ప్రార్థనకు అందరికంటే ముందు పోయి చాపలు పరుస్తాడు. నా దగ్గరికి వచ్చెయ్యమంటే, "నీ గదిలో మేకల్ని యాడ కట్టేసేది పాపా? నాకు ఆ కొంపకే కప్పు ఏయించు, చాలు," అన్నాడు. ఆయన నన్ను అడిగింది జీవితంలో అదొక్కటే.

కప్పు బాగుచేసుకోవడానికి ఆ బోర్డు పాతినవాళ్ల అనుమతి కోసం అర్జీ నేనే నింపాను. అందులో ఒక గడి ఉంది. ఏయే భాగాలు బాగుచేస్తారు, ఎన్ని దూలాలు మారుస్తారు, ఫొటోలతో సహా చూపించాలి. మా ఊళ్లో మిద్దెలు కట్టే మేస్త్రి మామను పిలిపించాను. ఆయన కింద నిలబడి గడ్డపారతో దూలాన్ని రెండుసార్లు పొడిచి చూశాడు.

"కిందనించి ఏం తెలుస్తాది తల్లీ? మట్టి దించితేనే దూలం సంగతి," అన్నాడు. మా వైపు మేస్త్రీలందరిదీ అదే పద్ధతి. పైన మట్టి తీయకుండా కొయ్య మంచిదనీ చెప్పరు, చెడ్డదనీ చెప్పరు.

నాయన నసిగాడు. "కాగితం వచ్చినాక దించుదాంలే పాపా."

"గడి ఖాళీగా పెడితే అర్జీ ఎనక్కొస్తాది నాయనా. నాకు తెలీదా? దించు," అన్నాను. గట్టిగానే అన్నాను.

దించారు. బరువు పోగానే అడ్డకర్రలు జారిపోయాయి. ఎవరి నెత్తిన పడతాయోనని మేస్త్రి మామ దూలాలు కూడా దించి గోడవారగా పేర్చాడు. ఒక్కోదానికి ఫొటో తీశాను. ఏది పుచ్చింది, ఏది గట్టిది, ఎంత పొడుగు, అంతా రాశాను. నేను నింపిన అర్జీలన్నిటిలోకీ అదే మంచిదని అప్పుడు మురిసిపోయాను.

ఆఫీసరు రావడానికి నెలలు పట్టింది. నాయన స్టూలు వేసి మంచినీళ్లిచ్చాడు. ఆయన తలెత్తి చూశాడు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"పైకప్పు ఏదండీ?"

"ఇవే సార్ దూలాలు. మా పాప అన్నీ రాసి పంపించింది," అన్నాడు నాయన ఉత్సాహంగా.

ఆయన నా వైపు తిరిగాడు. "ఉన్నదాన్ని బాగుచేస్తే మరమ్మతమ్మా. లేని కప్పు వేస్తే కొత్త కట్టడమే అవుతుంది. ఇది వంద మీటర్ల లోపల."

మీ గడి నింపడానికేగా దించామని వాదించాను. ఆయన పాపం మెల్లగానే చెప్పాడు. "అంచనాగా ఏదో ఒకటి రాస్తే సరిపోయేదమ్మా."

అంచనాగా! లోకుల వయసులు, ఆదాయాలు, పొలాల హద్దులు అన్నీ నేను అంచనాగానే రాస్తాను. మా నాయన అర్జీలో మాత్రం ఒక్క అక్షరం అబద్ధం ఉండకూడదనుకున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారినీ తిట్టలేను. కప్పు లేదనడానికి ఆయన తన నివేదికకు జతచేసింది నేను పంపిన ఫొటోలనే.

తిరస్కరించారు. పైవాళ్లకు మళ్లీ రాసుకున్నాను. అదే జవాబు వచ్చింది. ఇంకెక్కడికీ రాసుకునే దారి లేదు. నాయన ఒక మూల టార్పాలిన్ పట్ట కట్టుకుని ఉన్నాడు. పట్ట లేనిచోట గోడలు వానకు కరుగుతున్నాయి. అవి పూర్తిగా కూలితే మళ్లీ లేపడానికి కూడా వీల్లేదు.

ఆ చివరి కాగితం నేనే చదివి వినిపించాను. నాయన గోడవారగా ఉన్న దూలాల వైపు చూశాడు.

"మట్టి దించకుంటే ఇచ్చుంటారా పాపా?"

"ఏమో నాయనా," అన్నాను. ఇచ్చుండేవాళ్లని నాకు తెలుసు.

ఆ సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. అక్కడ కూచున్న పక్కింటి పెద్దమ్మ ఊరుకోలేదు. "ఉండే కప్పు ఎవురు దించమన్యారు అబ్బయ్యా? సదువుకున్న కూతురుంది గదా, అడగకపోతివా?"

"అడిగినా పెద్దమ్మా," అన్నాడు నాయన. "కాగితం వచ్చేదాక దించొద్దు నాయనా అని మా పాప ఎంతో చెప్పింది. నేనే తొందరపడినా."

పెద్దమ్మ అవునా అన్నట్టు నా వైపు చూసింది. నేను అవునని తలూపాను.