రెండు వైపులా నా పాటే

ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు రాశులు పడే ఆ ఎండాకాలాల్లో ఎవరి చొక్కా చూసినా పచ్చగానే ఉండేది, ఎవరి నోట విన్నా ధర మాటే ఉండేది. నేనొక్కడినే పాటల గురించి ఆలోచించేవాణ్ని. ఏడో తరగతిలో బడికీ నాకూ పొసగక (తప్పు బడిది కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను) బయటపడి, కొన్నాళ్లకు దబ్బనం పట్టుకుని పసుపు బస్తాల మూతులు కుట్టే పనిలో కుదురుకున్నాను. కుట్టుకో మాట అల్లుకుంటూ పోతే బస్తా మూత పడేసరికి ఒక చరణం తయారయ్యేది. "వీని పాట జెయ్యబట్టి బస్తాలన్నీ వంకరకుట్లే" అని మా మేస్త్రి మొత్తుకునేవాడు. నేను మాత్రం క్యాసెట్ అట్ట మీద 'రచన' అనే మాట పక్కన నా పేరు అచ్చయినట్టు కలలు కంటూ ఇంకో బస్తాను వంకరగా కుట్టేవాణ్ని.

మా వైపు పెళ్లిళ్లలో ఇరుపక్షాల ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని పాటలతో ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటారు. వియ్యపురాలి వంటకు ఒక వంక, ఆడబిడ్డ నడకకు ఇంకో వంక పెడతారు. మాటకు మాట తట్టక మౌనంగా ఉండిపోయిన పక్షం మరో పెళ్లిదాకా తలెత్తుకోలేదు. అందుకని పసుపు అమ్మడానికి వచ్చే రైతుల వెంట వాళ్ల ఇంటి ఆడవాళ్లు కూడా వచ్చి "ఒక మంచి పాట కట్టియ్యి బిడ్డా" అని నన్ను అడిగేవారు. నేనొక తెలివైన పని చేశాను. ఒక్క పాట రాసి, పేర్లుండే చోట ఖాళీలు వదిలాను. 'పప్పుల ఉప్పు లేదు, పలుకుల తీపి లేదు, ఫలానా వదినా, నీ ఇంట సుట్టపోళ్ల గతేందే' అన్నమాట. ఫలానా చోట లక్ష్మి కావాలంటే లక్ష్మి, రాజవ్వ కావాలంటే రాజవ్వ. ఊరూరికీ అదే పాట పంచాను. ఎవరి ఊళ్లో వాళ్లు పాడుకుంటారు, ఎవరికి తెలుస్తుంది?

ఆ ఏడు కమ్మర్‌పల్లి నుంచి ఒక అత్త, బాల్కొండ నుంచి ఒక చిన్నమ్మ వచ్చి పాట పట్టుకుపోయారు. పేర్లడిగాను, రాసిచ్చాను, నోటికొచ్చేదాకా పాడి వినిపించాను. ఎవరి పెళ్లి అని మాత్రం అడగలేదు.

కమ్మర్‌పల్లి అత్త వాళ్లింటి పెళ్లి ఆర్మూర్‌లోనే జరిగింది. నిజామాబాద్‌లో క్యాసెట్లు చేసే దుకాణదారు ఒకాయనను నేనే బతిమాలి పిలిపించాను. "పాట జనానికి ఎక్కుతదా లేదా నా కండ్లతోని సూస్త. ఎక్కితే క్యాసెట్ల వెడ్త, నీ పేరుతోటి" అని ఆయన టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని పందిట్లో కూర్చున్నాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన పక్కనే కూర్చున్నాను.

పిల్లవైపు నుంచి లేచింది కమ్మర్‌పల్లి అత్త, పెళ్లికూతురి మేనత్త. పప్పుల ఉప్పు లేదని ఎత్తుకోగానే పందిరంతా ఘొల్లుమంది. దుకాణదారు తలూపాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అంతలో పిల్లవాడి వైపు నుంచి, "ఉండుండ్రి, మాకాడ లేదా పాట!" అంటూ లేచిన మనిషిని చూసి ఆ రెండంగుళాలూ దిగిపోయాయి. బాల్కొండ చిన్నమ్మ! పెళ్లికొడుకు పినతల్లట. ఆమె కూడా పప్పుల ఉప్పు లేదనే మొదలుపెట్టింది. అదే రాగం, అవే మాటలు, పేరొక్కటే వేరు.

"ఓ వదినా, మా పాట దొంగిలిచ్చుడేందే?" అంది అత్త.

"మేం దొంగిలిచ్చుడా? మార్కెట్ల రాయించుకొచ్చిన! గా సంచులు కుట్టే పోరని తాన!"

"నేను గూడ గాని తాన్నే రాయించిన!"

అంతే, రెండు పక్షాలూ ఒకటయ్యాయి. పారిపోదామంటే దుకాణదారు నా ఇస్త్రీ చొక్కా పట్టుకున్నాడు. ఆడవాళ్లు నన్ను నడిమధ్యన కూర్చోబెట్టారు. చిన్నమ్మ నడుం మీద చేతులు పెట్టి, "మా వదినెను ఎన్నడన్న సక్కగ సూసినవారా? సూడకుంట ఎట్ల తిట్టినవ్? గిప్పుడు సూడు, సూసి కట్టు!" అంది.

అప్పుడు చూశాను. నిజంగా అదే మొదటిసారి. కమ్మర్‌పల్లి అత్త కొత్త చెప్పులు పోతాయనే భయంతో వాటిని సంకలో ఇరికించుకుని ఉంది. కింద ఆమె మనుమరాలు ఎత్తుకోమని కొంగు పట్టి ఏడుస్తోంది. "కొత్త సెప్పులు సంకనెక్కె వదినా..." అని ఎత్తుకుని తర్వాతి మాట వెతుక్కుంటున్నాను. చిన్నమ్మ ఒక్క క్షణం కూడా ఆగలేదు:

"సంకనుండే పిల్లేమో నేలనేడ్సె వదినా!"

పందిరి కూలుతుందేమో అనిపించింది. అందరికంటే ఎక్కువ నవ్వింది అత్తే. నవ్వుతూనే, చిన్నమ్మ చేతిసంచిలో తొక్కు పచ్చడి సీసా ఉందని కనిపెట్టి, పెళ్లివారి కూరలను నమ్మని వియ్యపురాలి మీద తనే ఒక చరణం కట్టేసింది. ఆ తర్వాత నేను అక్కడక్కడా ఒక మాట అందించడం, వాళ్లు దాన్ని నిలబెట్టడం.

దుకాణదారు టేపు ఆపి, "మొదటిది నాకొద్దు, గిది వెడ్త. రచన ఎవరిదని రాయాలె?" అన్నాడు. చిన్నమ్మ నోరు తెరవకముందే నా చెయ్యి లేచింది. ఎవరూ కాదనలేదు. పెళ్లి భోజనాలకు పిలుపొచ్చింది, అందరూ లేచిపోయారు.

క్యాసెట్ వచ్చింది. అట్ట మీద నా పేరే కాదు, నా ఫొటో కూడా. స్టూడియోకు వెళ్లి, అరువు కోటు తొడుక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దిగాను. ఆ తర్వాత చాలా క్యాసెట్లకు రాశాను, ఏ పెళ్లికి రాసినా ముందు వెళ్లి ఆ ఇంటి ఆడవాళ్ల మధ్య కూర్చుని మాటలు వినడం నేర్చుకున్నాను. కానీ ఈనాటికీ ఎవరు మెచ్చుకున్నా "ఆ సెప్పులూ పిల్లా చరణం ఉంది చూడు..." అనే మొదలుపెడతారు. నేను తల వంచుకుని దండం పెడతాను. వినయం అనుకుంటారు.

ఆ మొదటి క్యాసెట్ పట్టుకుని బస్సెక్కి బాల్కొండ వెళ్లి చిన్నమ్మకు ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. అట్టను అటూ ఇటూ తిప్పి, కొంగుతో తుడిచి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు, నిజంగానే అడిగింది.

"గిండ్ల నువ్వొక్కనివే ఉన్నవేందిరా? గానాడు గంతమందిమి ఉంటిమి గదా!"

ఆ అట్ట ఇంకా దాచుకున్నాను. నున్నగా దువ్విన జుట్టు, భుజాలు దిగజారిన కోటు, లోకమంతా తనే రాసినట్టున్న చూపు. ఆ పిల్లవాణ్ని చూస్తే ఇప్పుడు ముద్దొస్తాడు. అతని పక్కన స్టూడియో పరదా ముందు బోలెడంత చోటు. కొంచెం సర్దుకుంటే పందిట్లో వాళ్లంతా పట్టేవాళ్లు.