మా ఆయన్నడిగి పోసిన ఆయిల్

తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నేను గూడెం కొత్తవీధిలో టీచర్ని. మా టర్బో కారు నడిపేది నేనే. మా ఆయనకి డ్రైవింగ్ రాదు. నిరుడు వానాకాలం పాడేరులో ఆయిల్ మార్పించడానికి వెళ్ళాం. ఈ టర్బో ఇంజన్‌కి సరిపడే పల్చటి సింథటిక్ ఆయిల్ డబ్బా నేనే కొని మెకానిక్‌కిచ్చి, ఇదే పోయమని మరీ మరీ చెప్పి, బజారుకెళ్ళొచ్చాను.

తిరుగు ప్రయాణంలో, ఘాట్ రోడ్డు మీద టర్బో కీచుమంది. వెనక నీలం పొగ. నిలువు మలుపులో కారు ముందుకు లాగక, వెనక్కి జారింది. వెనకేమో జనంతో కిక్కిరిసిన జీపు! హ్యాండ్‌బ్రేక్ లాగి ఎలాగో ఆపాను.

అప్పుడు నోరు విప్పారు మా ఆయన. "నువ్వటెళ్ళాక మెకానిక్ నన్నడిగాడు. 'ఇది నీళ్ళలాగుంది బాబూ, కొండెక్కే బండికి సిక్కటిది ఉండాల. జీపులకేసిందే ఏసెత్తాను, ఏటంటారు?' అన్నాడు. సరేనన్నాను."

కారుని మళ్ళీ పాడేరుకి లాగించి, ఆ మెకానిక్‌ని కడిగిపారేశాను. ఆ చిక్కటి నూనె తీసేసి, ఫిల్టర్ మార్చి, నా డబ్బాలోదే పోశాడు. అంతా అయ్యాక నేను చెయ్యి చాపితే, నన్ను దాటుకెళ్ళి తాళం మా ఆయన చేతిలో పెట్టాడు.

"అమ్మగారు కోపం మీదున్నారు బాబూ. బండి మీరే తోలండి."