చచ్చినవాడి మీదికి తోసేయడం

తమ్ముడి విమానం వానలో రన్‌వే దాటి మట్టిలోకి దూసుకుపోయిన వారానికే, భిలాయిలో మేముండే క్యాంప్ 2 బస్తీ సందంతా దర్యాప్తు పూర్తి చేసేసింది. ప్రయాణికులంతా బతికారు. విమానాన్ని దింపిన కెప్టెన్ చనిపోయాడు. పక్క సీట్లో ఉన్న కో-పైలట్ మా తమ్ముడు. చేతికి కట్టుతో ఇంటికొచ్చాడు. అసలు దర్యాప్తు వాళ్లు ఇంకా నోరు విప్పనే లేదు, టీవీలో మాత్రం ‘పైలట్ కీ గల్తీ’, తప్పు పైలట్‌దే అని పొద్దస్తమానం ఒకటే గోల. ఒళ్లు మండి వైరు పీకేశాను. పాలకి వెళితే అక్కడా అదే. “దీదీ, స్పీడ్ జ్యాదా థీ క్యా?” అని, స్పీడెక్కువైందేమోనని పాలవాడి ఆరా.

తమ్ముడు చెప్పేది ఒకటే. తడిగా ఉందన్నారు తప్ప, రన్‌వే మీద నీళ్లు నిలిచాయని కింద టవర్ నుంచి ఎవరూ చెప్పలేదు. చక్రాలు నీళ్ల మీద జారాయి, బ్రేకులు పట్టలేదు.

“మిగతాదంతా బ్లాక్ బాక్స్‌లో రికార్డయ్యుంటదక్కా. కెప్టెన్ తొందరపడ్డాడా అని మాత్రం నన్నే అడుగుతారు,” అన్నాడు.

అవునంటే వాడు బయటపడతాడు. కాదంటే, దిగుదామనుకున్నది ఇద్దరూ కాబట్టి తప్పులో వాడికీ వాటా పడుతుంది, మళ్లీ విమానం ఎక్కనిస్తారో లేదో తెలీదు.

ఆ సాయంత్రం మావయ్య వచ్చాడు. స్టీల్ ప్లాంటులో నాన్నతో ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి. నాన్న క్రేన్ మీంచి పడి చనిపోయాక మమ్మల్ని సొంత మేనమామలా చూసుకున్నాడు. సంగతంతా విని తేలిగ్గా నవ్వేశాడు.

“దీనికింత ఆలోచనేటిరా? తొందరపడ్డాడని ఒక్క ముక్క చెప్పీ. సచ్చినోడికి ఉజ్జోగం పోద్దేటి? మా మిల్లులో ఎప్పుడూ అదే కదా. సచ్చినోడి మీదికి తోసీసి, బతికున్నోళ్లని కాపాడుకునీవోళ్లం.”

టీ తెస్తున్న అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

“మా ఆయన మీదా అలాగే తోసీసేరేటి అన్నయ్యా?”

మావయ్య తల దించుకున్నాడు. “సేఫ్టీ బెల్టులన్నీ తెగిపోయే ఉండీవమ్మా. ఆ మాట చెప్తే ఫోర్‌మన్ ఉజ్జోగం పోద్ది. ఆడికి చిన్నపిల్లలు.”

బెల్టు కట్టుకోలేదని రాశారు నాన్న మీద. అమ్మ నమ్మింది. ఇన్నేళ్లూ మా చేతిలోంచి గ్లాసు జారితే చాలు, “మీ నాన్నలాగే అజాగ్రత్త” అని తిట్టేది. మరి మేం చిన్నపిల్లలం కామా? మావయ్య మొహం మీదే అడిగేశాను. టీ ముట్టకుండానే వెళ్లిపోయాడు. ఆయన చేసిన మేలంతా ఆ పూటతో నాకు చేదెక్కింది, ఇప్పటికీ ఆ చేదు పోలేదు.

తమ్ముడు ఢిల్లీ వెళ్లి విచారణలో కూర్చున్నాడు. కెప్టెన్ తొందరపడలేదని, దిగుదామని తానూ అన్నానని చెప్పాడు. విచారించేవాళ్లలో ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి, మంచి ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడట: కెప్టెన్ ఎలాగూ లేరు, నీకింకా బోలెడు సర్వీసుంది, మరోసారి గుర్తు చేసుకో అని. మా మావయ్య చదివింది ఎనిమిదో తరగతి. ఈయన అంత చదువు చదివి నేర్చుకున్నదీ అదేనా?

“బాగానే గుర్తుంది సార్,” అన్నాడట తమ్ముడు.

వాణ్ని ఇంకా ఎగరనివ్వడం లేదు. ఫోన్లో వాడితో నేను ఆ పెద్దాయన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే, అమ్మ ఫోన్ లాక్కుంది.

“ఆ కెప్టెన్‌కి పిల్లలున్నారేట్రా?”

“ఒక కూతురుందమ్మా.”

“ఆళ్లు ఏటి రాస్తే అది రాసుకోనీ. ఆ పిల్లకి మాత్రం నువ్వే ఎళ్లి చెప్పు, మీ నాన్న తప్పు నేదమ్మా అని. నాకలా ఎవరూ వచ్చి చెప్పనేదు.”