చేపల విందులో వెర్లిన్ నవ్వు

వెర్లిన్ జాస్ట్రోకి డెబ్బై ఒకటి. అమెరికాలో, విస్కాన్సిన్‌లోని ఒక చిన్న ఊళ్ళో నలభై నాలుగేళ్ళుగా కటింగు షాపు నడుపుతున్నాడు. ఒకటే కుర్చీ, రేడియో కూడా లేదు. కుర్చీలో కూర్చున్నవాడు గొణిగినా అతని చెవిన పడాల్సిందే. ఊరి గుట్టంతా వెర్లిన్ కడుపులోనే ఉందనేవారు.

అంతటివాడూ శుక్రవారం సాయంత్రం ఊరంతా చేరే చేపల వేపుడు విందుకని బార్‌లో కూర్చుంటే చెవిటివాడికిందే లెక్క. చప్పుడు వినబడకపోవడం కాదు, చప్పుడే వినబడేది. గ్లాసులూ, పిల్లల ఏడుపులూ, టీవీలో ఫుట్‌బాలూ కలిసి ఒకటే ముద్ద. అందులోంచి ఎదుటి మనిషి మాట ఏరుకోవడం వయసు మీదపడే కొద్దీ చేతకాకుండా పోయింది.

ఆ సంగతి ఒప్పుకుంటే ఏం పోయేది? పరువట! అందుకని ఒక ఉపాయం పన్నాడు. బల్ల దగ్గర నవ్వు లేస్తే నవ్వడం, లేకపోతే తలూపడం.

తమ్ముడు మైలో కనిపెట్టి పోరుపెడితే, పట్నం వెళ్ళి చెవులు చూపించుకున్నాడు. చీమ చిటుక్కుమనని గదిలో కూర్చోబెట్టి, కూత వినబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. అన్నిటికీ నొక్కాడు.

"గోలలో మాటలు అర్థమవుతున్నాయా, తాతగారూ?" అని చివర్లో అడిగింది పరీక్ష చేసిన పిల్ల.

"శుభ్రంగా," అన్నాడు.

చెవులు భేషుగ్గా ఉన్నాయని అబద్ధం చెప్పి రాయించి తెచ్చుకున్న కాగితాన్ని బార్‌లో బల్లబల్లకీ తిప్పాడు. "చూడండ్రా, కుర్రాడి చెవులు!" అన్నాడు. ఆపైన షాపులో అద్దం పక్కన అంటించుకున్నాడు. తన గొయ్యి తనే తవ్వుకోవడమంటే ఇదే.

మైలో చిన్నప్పట్నుంచీ మోకాలు దోక్కుపోయినా ముందు అన్నకే చెప్పుకునేవాడు. అక్టోబరులో ఒక శుక్రవారం బార్‌లో పక్కనే కూర్చుని, చేప ముట్టకుండా, కంచంలోకి చూస్తూ చాలాసేపు ఏదో చెప్పాడు. వెర్లిన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంతలో టీవీలో తమ జట్టు గెలిచిందో ఏమో, బారంతా గొల్లుమంది. మైలో జోకు పండిందనుకున్నాడు వెర్లిన్. పడీపడీ నవ్వి, తమ్ముడి వీపు మీద చరిచాడు.

"భలే చెప్పావురా!"

మైలో టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మిగిలిన చేప వెర్లినే తినేశాడు.

ఆ తరువాత మైలో శుక్రవారాలు మానేశాడు. క్షవరానికీ రాలేదు. "పెద్దవాణ్ణి, నేనెందుకు వెళ్ళాలి? వాడే వస్తాడు," అని వెర్లిన్ బిగుసుకు కూర్చున్నాడు. డిసెంబరులో మైలో చచ్చిపోయాడన్న కబురొచ్చింది. ఊపిరితిత్తుల్లో క్యాన్సరట, ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదట.

ఖననం అయ్యాక చర్చి కింది హాలులో భోజనాలు. వచ్చినవాళ్ళు ఓదారుస్తున్నారు, వెర్లిన్ తలూపుతున్నాడు. మైలో భార్య ఆర్లిస్ వచ్చి అతని చెయ్యి పట్టుకుని, కోట్లు తగిలించే గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది.

"ఒక్కటి చెప్పండి, బావగారూ. మీకేం ద్రోహం చేశాడని? నాకంటే ముందు మీకే చెప్పుకున్నాడు. క్రిస్మస్ చూడనన్నారు డాక్టర్లు, భయమేస్తోంది, ఆస్పత్రికి తోడు రా అన్నా అని అడిగితే, పగలబడి నవ్వారట."

"నాకు వినబడలేదు, ఆర్లిస్. ఒట్టు."

"ఇంకా ఎందుకండీ అబద్ధాలు? మీ చెవులు భేషని కాగితం మీరేగా ఊరంతా తిప్పారు. ఆయనా అదే అన్నాడు. వినబడలేదేమో అని నేనంటే, కాదు, అద్దం పక్కన కాగితముంది చూడు అన్నాడు."

మందపాటి కోట్ల మధ్య ఎక్కడా చప్పుడు లేదు. ఒక్క అక్షరం తప్పిపోకుండా అన్నీ వినబడ్డాయి.

ఆర్లిస్ తలుపు తీసింది. హాలు గోలంతా ఒక్కసారి లోపలికొచ్చింది. గడపలో ఆగి, అతని కళ్ళలోకి చూస్తూ ఇంకేదో అడిగింది. పెదవులు కదలడం కనిపించిందంతే. మళ్ళీ చెప్పమందామని నోరు తెరిచేలోగా, పాడు అలవాటు, అతని తల ఊగింది.

ఆమె మొహం చూశాక తెలిసింది, ఊపకూడని చోట ఊపాడని.